లేచిన చెయ్యి

"వదులు నాన్నా! వదులు! అమ్మ చచ్చిపోద్ది!"

నజ్మీన్ గొంతు చించుకుంటోంది. బుడే వదల్లేదు.

పక్షవాతం వచ్చిన నాటి నుంచి తడిసిన దూదిమూటలా పక్కమీద పడివున్న ఆ కుడిచెయ్యి ఇప్పుడు చాంద్‌బీ మెడ మీద బిగుసుకుని ఉంది. రాగిజావ గిన్నె బోర్లాపడి దుప్పటంతా చిత్తడైంది. చాంద్‌బీ సగం మంచం మీదికి వాలిపోయి, కాళ్ళు జారిపోతుంటే మోకాళ్ళతో నేలను తన్నుకుంటోంది. కళ్ళు పైకి తేలిపోయాయి. గొంతులోంచి మాట లేదు. చిల్లుపడ్డ సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టు ఏదో చప్పుడు.

తండ్రి బొటనవేలు సరిగ్గా మెడ ఎముక పైన, మందులకు లొంగకుండా మళ్ళీ మొలిచిన గడ్డ మీద దిగబడి ఉంది.

నజ్మీన్ రెండు చేతులతో ఆ వేళ్ళను లాగింది. ఒక్కటీ రాలేదు. గోళ్ళతో రక్కింది. పళ్ళతో కొరకబోయింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, గుంటూరు ఆస్పత్రిలో రోగుల బిగుసుకుపోయిన చేతులతో రోజూ చేసే పని. మణికట్టును ఒడిసిపట్టి లోపలికి మడిచింది. పట్టు సడలింది.

చాంద్‌బీ వెనక్కి పడిపోయింది. పడడం పడడం ట్రంకుపెట్టె మూల నుదుటికి కొట్టుకుంది.

"ఏమే..." అన్నాడు బుడే.

పక్షవాతంతో మాటలన్నీ పోయి ఆయనకు ఆ ఒక్కటి మిగిలింది. పెళ్ళయినప్పటి నుంచి పెళ్ళాన్ని పిలిచిన పిలుపు అది. ఇప్పుడు నీళ్ళు కావాలన్నా అదే, ఒంటికి పోవాలన్నా అదే, కోపమొచ్చినా అదే.

నజ్మీన్ వైద్యానికి గుచ్చిన సూదుల్లో ఇంకా తియ్యనివి రెండు ఆ చేతిలో వణుకుతున్నాయి. చెయ్యి మాత్రం గాలిలోనే ఉంది.

ముందువైపు పరుపుల కొట్టులోంచి ముబీన్ పరుగెత్తుకొచ్చాడు. ఒంటినిండా దూది. గుమ్మంలో ఆగాడు. చెల్లెల్ని చూడలేదు, నేలమీద తల్లిని చూడలేదు. తండ్రి చేతినే చూశాడు.

"లేచింది! నాన్న చెయ్యి లేచింది!"

ఒక్క గెంతులో మంచం దగ్గరికొచ్చి ఆ చేతిని కళ్ళకద్దుకున్నాడు. ముద్దు పెట్టుకున్నాడు. కిటికీలోంచి వీధిలోకి కేకేశాడు.

"ఒరేయ్ అంకమ్మరావూ! మా నాన్న చెయ్యి ఎత్తాడ్రా! మంచం మీంచి ఇంతెత్తున ఎత్తాడు!"

చాంద్‌బీని గుంటూరు తీసుకెళ్ళడానికి పొద్దుటి నుంచీ గుమ్మం ముందు ఆటో పెట్టుకుని కూర్చున్న అంకమ్మరావు నవ్వుతూ లోపలికి తొంగిచూశాడు. చూడగానే నవ్వు ఆరిపోయింది.

"ఏంది ముబీనూ, అమ్మకి నెత్తురు కారతంటే..."

అప్పుడు చూశాడు ముబీన్. చూసి, "ఏమైంది?" అన్నాడు. ఆ అడగడంలో విసుగుంది. పెళ్ళి ఇంట్లో పసిపిల్ల ఏడుపు మొదలుపెడితే పెద్దవాళ్ళు పడే విసుగు.

"నాన్న అమ్మ మెడ పిసికాడు. చంపేసేవాడు," అంది నజ్మీన్. చున్నీ చించి తల్లి నుదుటి మీద అదిమి పట్టుకుంది. గుడ్డ చూస్తుండగానే ఎర్రబడింది.

"పిసకటమేంది? లేవబోయి పట్టుకుని ఉంటాడు. ఊతానికి."

"నేను ఇక్కడే ఉన్నానన్నా. సూదులు తీస్తున్నాను. నా కళ్ళముందే..."

"నీ కళ్ళముందే లేచిందా? అల్లా! అయితే నీ సూదులు పనిచేసినయ్యే! నేను చెప్పలా?"

నజ్మీన్ ఇంకో మడత వేసి గుడ్డను మళ్ళీ అదిమింది.

పెరట్లో రోకటిపోటు ఆగిపోయింది. కారం కొడుతున్న షహనాజ్ తలకు కట్టుకున్న గుడ్డతోనే వచ్చి తలుపు చాటున నిలబడింది. ముబీన్ భార్య ఆమె. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. ఆమె వెంట వచ్చిన కారం ఘాటుకు అందరికీ దగ్గు తెరలుగా వచ్చింది. చాంద్‌బీ దగ్గలేక మెడ పట్టుకుని మెలికలు తిరిగింది.

"నీళ్ళు తేనా అత్తమ్మా?" అంది షహనాజ్.

చాంద్‌బీ తల అడ్డంగా ఊపింది. కూతురి చెయ్యి పట్టుకుని లేచి కూర్చుంది. మంచానికి దూరంగా, గోడకు ఆనుకుని. చాలాసేపటికి గొంతు పెగిలింది.

"ఇంతకుముందే కదిలిందా అది?"

నజ్మీన్ తల్లి జుట్టులోంచి నెత్తురు తుడవసాగింది.

"నిన్నే అడుగుతున్నా. ఇవాళే మొదటిసారా?"

"పోయిన శుక్రవారం... బొటనవేలు కదిలిందమ్మా. కొంచెమే."

"నాకెందుకు చెప్పలా?"

"ఇంకా గట్టిపడ్డాక చెబుదామని."

"చెప్పుంటే ఎడమపక్కన కూర్చుని తాగించేదాన్ని గదే," అంది చాంద్‌బీ. అంతే అంది. తిట్టినా బాగుండేది.

నజ్మీన్ తల వంచుకుంది. బొటనవేలు కదిలిన ఆ పొద్దున ఆమె ఒంటరిగా పెరట్లోకి పోయి ఏడ్చింది, సంతోషం పట్టలేక. గుంటూరులో ఆమె పని చేసే పరిశోధన అదే. పక్షవాతంతో పడిపోయినవాళ్ళకు మామూలు వైద్యంతోపాటు ఆక్యుపంక్చర్ సూదులు గుచ్చితే ఉపయోగం ఉందో లేదో తేల్చాలి. సగం మందికి నిజం సూదులు, సగం మందికి ఉత్తుత్తి సూదులు. ఎవరికి ఏవో రోగికి చెప్పరు. సొంతమనిషి అని బుడేను అందులో చేర్చుకోలేదు. "ఊళ్ళోవాళ్ళందరికీ పొడుస్తావు, కన్నతండ్రికి పొడవ్వా?" అని ముబీన్ రోజూ దెప్పితే ఇంట్లోనే మొదలుపెట్టింది. ఎవరి చేతిని లేపుతోందో ఆమెకు తెలుసు. ఆ చెయ్యి తల్లి జుట్టు పట్టుకుని పెరట్లోంచి వీధిగుమ్మం దాకా ఈడ్చుకురావడం చిన్నప్పుడు ఎన్నిసార్లు చూడలేదు? అయినా బొటనవేలు కదిలితే ఏడ్చింది. ఎందుకో ఆమెకే తెలియదు.

"అమ్మా, అది కావాలని చేసింది కాకపోవచ్చు," అంది మెల్లగా. "పక్షవాతం చేతికి ముందు పట్టు వస్తుంది, వదలడం తర్వాతెప్పుడో వస్తుంది. దేనికి తగిలితే దాన్ని పట్టేసి బిగుసుకుపోతుంది."

"దేనికి తగిలితే దాన్నా?"

"అవును."

"నా చేతిలో గిన్నె ఉంది. పక్కన దుప్పటి ఉంది. వాటికి తగల్లేదే? మెడే దొరికిందా?" చాంద్‌బీ పమిటతో నోరు తుడుచుకుంది. "నాకు తెలవదా నజ్మీనూ ఆ పట్టు? బొటనవేలు ఎక్కడ పెడతాడో, ఎంతసేపు ఉంచుతాడో నాకు తెలవదా? డాక్టర్లకి తెలియకపోతే నన్నడగమను."

మంచం మీద బుడే పైకప్పు వంక చూస్తున్నాడు. ఆ కళ్ళలో ఏముందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ముబీన్ గొంతు తగ్గించాడు. "పాత సంగతులు ఇప్పుడెందుకమ్మా? ఏ ఇంట్లో లేవు? మంచం పట్టిన మనిషి మీద పగేంది?"

"పగ కాదురా. ఆ చెయ్యి పడిపోయిన రోజున నువ్వు గుండెలు బాదుకుని ఏడ్చావు. నేనూ ఏడ్చాను. రాత్రి ఆస్పత్రి వరండాలో పడుకుంటే నిద్ర పట్టింది. మీ నాన్న చావుబతుకుల్లో ఉంటే నాకు ఒళ్ళెరగని నిద్ర పట్టిందిరా. పెళ్ళయ్యాక అట్టాంటి నిద్ర అదే." కూతురివైపు తిరిగింది. "ఆ సూదులు ఇంక పొడవమాక."

"పొడవమాకా?" ముబీన్ ఉలిక్కిపడ్డాడు. "ఏం మాటలమ్మా ఇవి? నోట్లోంచి ఎట్టా వచ్చినయ్?"

అప్పుడే నజ్మీన్ ఫోన్ మోగింది. పరిశోధన నడిపే డాక్టర్ జయకుమారిగారు. నజ్మీన్ చేతులు రెండూ నెత్తురుగా ఉన్నాయి. ఫోన్ నేలమీదే పెట్టి స్పీకర్ నొక్కింది.

"బయల్దేరారామ్మా?" అంది డాక్టరమ్మ.

నజ్మీన్ జరిగింది చెప్పింది.

"అమ్మగారు మాట్లాడుతున్నారా? ఊపిరి సరిగా తీసుకుంటున్నారా? మింగగలుగుతున్నారా? మెడకి దెబ్బ తగిలితే తేలిగ్గా తీసుకోకూడదు. వెంటనే తీసుకొచ్చెయ్. ఆ చేతి పక్కకి ఎవరూ పోవద్దు."

"డాక్టరుగారూ, నేను ముబీన్‌నండి, నజ్మీన్ వాళ్ళన్నని," ముబీన్ ఫోన్ మీదికి వంగాడు. "చెయ్యి లేచిందంటే సూదులు పనిచేసినట్టే గదండి?"

"లేవడం మంచిదేనయ్యా. కానీ సూదుల వల్ల లేచిందని నేను చెప్పలేను. సూదులు లేకుండా లేచినవాళ్ళూ ఉన్నారు, ఏళ్ళ తరబడి పొడిచినా లేవనివాళ్ళూ ఉన్నారు. అది తేలకే కదా మేం ఇంత తంటాలు పడుతున్నది? ఇప్పుడు దాని సంగతి వదిలెయ్యి. మీ అమ్మగారికి క్యాన్సర్ విభాగంలో కొత్త మందు పరిశోధనకి ఎంత కష్టపడి చోటు అడిగానో నజ్మీన్‌కి తెలుసు. ఇవాళ సాయంత్రంలోపు చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. తర్వాత నేను అడిగినా ఉండదు."

ఫోన్ ఆగింది. ముబీన్ నిలబడ్డాడు.

"ఇవాళ కుదరదు," అన్నాడు.

"అన్నా!"

"చెయ్యి ఇవాళే లేచింది. ఇప్పుడు నువ్వెళ్ళిపోతే మళ్ళీ పడిపోద్ది. నువ్వు ఇక్కడే ఉండి పూటపూటా పొడవాలి. అమ్మ తర్వాత పోవచ్చు. ఇన్నాళ్ళూ ఒక మందు వాడిందిగా, అదే వాడుద్ది."

"ఆ మందు పనిచెయ్యడం లేదని ఎన్నిసార్లు చెప్పాలి? మందు లోపలికి పోతోంది, గడ్డ దాన్ని బయటికి నెట్టేస్తోంది. నెట్టడం నేర్చుకుంది అది. నెట్టకుండా ఆపే ఇంకో మందు కలిపి చూస్తున్నారు అక్కడ. పాత మందే మళ్ళీ పనిచేస్తుందేమోనని. అమ్మకి మిగిలింది అదొక్కటే."

"పనిచేస్తుందని గ్యారంటీ ఉందా?"

"లేదు."

"మరి? లేచిన చెయ్యి వదిలేసి, లేవని దానికి పరుగెత్తుతావా?"

"మందు అలవాటైపోయింది దానికి," అంది చాంద్‌బీ, ఎవరితో అంటున్నదీ తెలియకుండా. "నాకు దెబ్బలు అలవాటైనట్టు."

ముబీన్‌కు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ముఖం నల్లబడింది. మంచం వైపు తిరిగాడు. తిరిగినవాడు కెవ్వున అరిచాడు.

బుడే చెయ్యి మళ్ళీ పడిపోయి ఉంది. పక్కలోంచి జారి, మంచం కోడు పక్కన వేలాడుతోంది.

"చూడు! చూడమ్మా! నీ మాటలకి పడిపోయింది!" చేతిని ఎత్తి పట్టుకుని వదిలాడు. పడిపోయింది. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ పడింది. "నాన్నా! ఎత్తు నాన్నా! ఇందాక ఎత్తావే!"

"ఏమే," అన్నాడు బుడే.

ముబీన్ సూదుల డబ్బా తెచ్చి చెల్లెలి ఒళ్ళోకి విసిరాడు. "పొడువు!"

"పొడవను."

"షహనాజ్! అమ్మని వంటింట్లోకి తీసుకుపో. తలకి గుడ్డ కట్టు. అంకమ్మరావూ, నువ్వు బండి తీసుకుపోరా, ఇవాళ ప్రయాణం లేదు."

షహనాజ్ కదల్లేదు. తలుపు చాటు నుంచి, నేల చూస్తూ, ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు అంది. "అత్తమ్మని పోనీయండి. మావయ్యకి నేను చేస్తాను. లేపాలంటే నా ఒక్కదాని వల్ల కాదు, మీరు కాసేపు కొట్టు మూసి సాయం రండి చాలు."

ముబీన్ రెండడుగులు వేశాడు. చెంప మీద కొట్టిన దెబ్బకు షహనాజ్ తల వెళ్ళి తలుపుచెక్కకు తగిలింది. రెండో దెబ్బ చెవి మీద పడింది. కారం అంటిన చేతులు ముఖానికి అడ్డం పెట్టుకోవడంతో కారం కళ్ళలో పడింది. ఆమె అరవలేదు. చేతులు అలాగే ముఖం మీద ఉంచుకుని కిందికి జారిపోయింది.

చాంద్‌బీ ఆ కొట్టడం చూసింది. చెయ్యి ఎంత దూరం నుంచి వచ్చింది, వేళ్ళు ఎలా చాచి ఉన్నాయి, కొట్టాక లుంగీకి ఎలా తుడుచుకున్నాడు, అన్నీ చూసింది. నజ్మీన్ తల్లి ముఖం చూసింది. చూసిన క్షణంలోనే లేచి అన్నకు అడ్డం వెళ్ళింది.

"వదిన మీద చెయ్యి వేశావంటే..."

"వేస్తే? ఏం చేస్తావు? డాక్టరమ్మకి చెబుతావా?" చెల్లెలి జబ్బ పట్టుకుని మంచం దగ్గరికి ఈడ్చాడు. సూదుల పొట్లం ఆమె గుప్పిట్లో కుక్కి ఆ గుప్పిటను బలంగా తండ్రి చేతి మీదికి అదిమాడు. "పొడువు. ఎక్కడ పొడిస్తే లేచిందో అక్కడే పొడువు!"

"చంపినా పొడవను."

పిడికిలితో గుద్దాడు. నజ్మీన్ కింది పెదవి పళ్ళ మీద పగిలింది. నోటినిండా ఉప్పగా, వెచ్చగా. మంచం పట్టె పట్టుకుని నిలదొక్కుకునేసరికి ముబీనే పొట్లాలు చింపుతున్నాడు. ఆ సూదులు వెంట్రుకల్లా సన్నవి. గుచ్చడానికి చెయ్యి తిరగాలి. ముబీన్ చేతిలో ఒకటి వంగింది, ఇంకోటి వంగింది, మూడోది బుడే చర్మం మీద జారిపోయింది.

"ఈటితో ఏమవుద్ది!" అంటూ కొట్టులోకి ఉరికాడు. వచ్చేటప్పుడు చేతిలో దబ్బనం ఉంది. పరుపులు కుట్టేది. జానెడు పొడవు.

"అన్నా, వద్దు! నరం తెగుద్ది! అన్నా!"

నజ్మీన్ వాడి నడుము పట్టుకుని వేలాడింది. మోచేత్తో రొమ్ములో పొడిచాడు. ఊపిరాడక కూలబడింది.

దబ్బనం బుడే మోచెయ్యి కింద దిగింది.

బుడే నోరు ఒక పక్కకే తెరుచుకుని ఊళ పెట్టాడు. కొడుకు దబ్బనం లాగి మళ్ళీ దించాడు. నెత్తురు చిమ్మి గోడ మీద పడింది. ముబీన్ కళ్ళలోంచి ధారగా నీళ్ళు కారుతున్నాయి. "లే నాన్నా," అంటున్నాడు. "ఒక్కసారి. ఒక్కసారి ఎత్తు. నువ్వు లేస్తే చాలు, ఎవ్వరేమన్నా ఫర్లేదు. లే నాన్నా." ఏడుస్తూ పొడుస్తున్నాడు. పొడుస్తూ తండ్రి తల నిమురుతున్నాడు.

గుమ్మంలో అంకమ్మరావు నిలువుగుడ్లేసుకుని ఉండిపోయాడు.

"ఏమే! ఏమే! ఏమే!"

బుడే చూపు గది అంతా వెతికి చాంద్‌బీ మీద ఆగింది. కొడుకును చూడలేదు, కూతురిని చూడలేదు. పెళ్ళాన్నే చూస్తూ ఆ ఒక్కమాటా కేకపెట్టాడు. ఈ ఇంట్లో ఆ కేకకు ఆమె ఎన్నడూ రాకుండా ఉండలేదు.

చాంద్‌బీ లేచింది. గోడ పట్టుకుని పెరట్లోకి నడిచింది. పారిపోతోందనుకుంది నజ్మీన్. పోనీ, పారిపోనీ, ఆటో ఎక్కనీ అనుకుంది.

చాంద్‌బీ తిరిగొచ్చింది. రెండు చేతులా రోకలి.

ముబీన్ మళ్ళీ దబ్బనం ఎత్తాడు. ఆ ఎత్తిన చేతి మీద, మోచేతికీ మణికట్టుకీ మధ్య రోకలి పడింది. ఎండిన పత్తికట్టె విరిగినట్టు చప్పుడైంది. దబ్బనం ఎగిరి మంచం కింద పడింది. ముబీన్ మొదట అరవను కూడా లేదు. తన చెయ్యి మధ్యలో ఎందుకు వంగిందో అర్థం కానట్టు చూశాడు. తర్వాత కేకపెట్టి కింద పడి పొర్లాడు.

"అమ్మా! నన్ను కొట్టావా! నన్నా!"

"కొట్టాను," అంది చాంద్‌బీ. "నిన్ను కని ఇన్నేళ్ళయింది, ఒక్క దెబ్బ వెయ్యలా. మీ నాన్న వేస్తన్నాడుగా నాకు, ఇంట్లో ఒకరు చాలనుకున్నా. తప్పు చేశా."

నుదుటి నుంచి జారిన నెత్తురు ఆమె కంట్లోకి దిగుతోంది. తుడుచుకోలేదు. కింద ముబీన్ మూలుగుతున్నాడు, మంచం మీద బుడే ఎగశ్వాస తీస్తున్నాడు.

అప్పుడు మంచం మీంచి మాట వచ్చింది.

"కొట్టు."

నజ్మీన్ తల తిప్పింది. బుడే పెదవులు మళ్ళీ కదిలాయి. తడబడుతూ, ఒక పక్కకే వంకరగా.

"కొ...ట్టు."

ఇన్ని నెలల తర్వాత ఆయన నోట వచ్చిన రెండో మాట అది. ఎవరితో అంటున్నాడు? కొడుకుతో అంటున్నాడా, తల్లిని తిరిగి కొట్టమని? పెళ్ళాంతో అంటున్నాడా, ఇంకా కొట్టమని? తననే కొట్టమంటున్నాడా? ఎడమ కంటి నుంచి మాత్రం ఒక చుక్క దిండు మీదికి జారింది. పక్షవాతం తర్వాత ఆ కన్ను ఊరికే కూడా కారుతుంది. దాన్ని బట్టి ఏమీ చెప్పలేం.

చాంద్‌బీ రోకలితో మంచం దగ్గరికి నడిచింది. కుడివైపుకే వెళ్ళింది, ఆ చేతికి అందేటంత దగ్గరికి.

నజ్మీన్ లేచి అడ్డం వెళ్ళాలనుకుంది. కాళ్ళు కదల్లేదు. కదల్లేదా, తనే కదిలించలేదా?

"నేనెందుకు కొడతాను?" అంది చాంద్‌బీ భర్తతో. ఆమె గొంతులో కోపం లేదు. "నాకు గుంటూరులో పనుంది."

రోకలి నేలమీద పడేసి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, వీధిగుమ్మం వైపు నడిచింది. తూలబోతే అంకమ్మరావు చెయ్యి పట్టుకున్నాడు.

నజ్మీన్ తండ్రి చేతిని గుడ్డతో గట్టిగా చుట్టింది. నెత్తురు పైకి పొంగకుండా చెయ్యి ఎత్తి దిండు మీద పెట్టింది. ఆ చెయ్యి ఏ బలమూ లేకుండా ఆమె చేతుల్లో ఉంది. వేలు ఒక్కటీ కదల్లేదు. అన్న విరిగిన చెయ్యికి కింద అట్ట పెట్టి కట్టబోతే వాడు కాళ్ళతో తన్నాడు.

"తాకమాక! పోలీసుల్ని పిలుస్తా. కన్నకొడుకు చెయ్యి విరగ్గొట్టిందని కేసు పెడతా. దాన్ని జైల్లో వేయిస్తా. జైల్లో చస్తది, మీ గుంటూరులో కాదు!"

"పెట్టు. ముందు ఆ చెయ్యి చూపించుకో. నూట ఎనిమిదికి ఫోన్ చేస్తున్నా, అంబులెన్స్ వస్తది, ఇద్దర్నీ తీసుకుపోద్ది," అంది నజ్మీన్. పగిలిన పెదవితో మాట సరిగా పలకడం లేదు. ఫోన్ చేసింది. ఊరు చెప్పింది, వీధి చెప్పింది. షహనాజ్ దగ్గర కూర్చుని నీళ్ళతో కళ్ళు కడిగింది.

"లే వదినా. మాతో రా."

షహనాజ్ కళ్ళు వాచిపోయి సందులైపోయాయి. లేచింది. గూట్లో ఉన్న అత్తగారి బట్టల సంచి తీసుకుని నజ్మీన్ వెంట వీధిలోకి వచ్చింది. ఎండ తెల్లగా కాస్తోంది. ఎదురింటి అరుగు ముందు ఆరబోసిన మిరపకాయల చుట్టూ జనం గుమిగూడి ఉన్నారు. చాంద్‌బీ ఆటోలో ఒక మూలకు ఒదిగి, మెడ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"ఎక్కమ్మా," అంది కోడలితో. "అంబులెన్సోళ్ళు వాళ్ళని చూసుకుంటారు. నువ్వు ఎక్కు."

షహనాజ్ సంచిని సీటు మీద పెట్టింది. ఒక కాలు ఆటోలో పెట్టింది. ఇంటివైపు చూసింది. లోపలి నుంచి ముబీన్ కేకలు వినిపిస్తున్నాయి. "షహనాజ్! ఎక్కడ చచ్చావే! మంచినీళ్ళు తే! నాన్నకి పక్క మార్చు! ఏయ్ షహనాజ్!"

"చెప్పులు మర్చిపోయాను," అంది షహనాజ్.

"చెప్పులు ఎందుకు వదినా, గుంటూరులో కొనుక్కుందాం. ఎక్కు."

"ఒక్క నిమిషం."

వెళ్ళింది. గుమ్మం దాటింది. నజ్మీన్ ఆమె వెనుకనే దిగబోయింది గానీ, తల్లి ఒక్కసారిగా దగ్గి ఒడిలోకి ఒరిగిపోవడంతో పట్టుకుని కూర్చోబెట్టాల్సి వచ్చింది. తలెత్తేసరికి తలుపులు మూసుకున్నాయి. లోపల గడియ పడింది.

ముబీన్ కేక మధ్యలో ఆగిపోయింది.

"అదేంది?" అన్నాడు అంకమ్మరావు.

చాంద్‌బీ ఆటో దిగేసింది. సాయంత్రంలోపు, చోటు, డాక్టరమ్మ, అన్నీ నజ్మీన్ నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయాయి. ఇద్దరూ గుమ్మం దగ్గరికి పరుగెత్తారు.

"షహనాజ్! తలుపు తియ్యమ్మా!"

లోపల నేలమీద ఏదో బరువైన కొయ్య దొర్లిన చప్పుడు. తర్వాత దాన్ని ఎవరో ఎత్తినట్టు, ఆ చప్పుడు ఆగింది.

"ఒద్దే... షహనాజ్, ఒద్దే..." ముబీన్ గొంతు. అది అరుపు కాదు.

"ఏమే," అన్నాడు బుడే.

తలుపుకు ఆనుకునే నిలబడి మాట్లాడుతున్నట్టుగా, చాలా దగ్గర నుంచి షహనాజ్ మాట వినిపించింది.

"మీరు పోండి అత్తమ్మా. టైము దాటిపోద్ది. వీళ్ళని నేను చూసుకుంటాలే."

ఆ గొంతులో ఏడుపు లేదు, వణుకు లేదు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి వదిన అంత నెమ్మదిగా మాట్లాడగా నజ్మీన్ వినలేదు. చాంద్‌బీ కూడా విని ఉండదు. ఆమె రెండు అరచేతులతో తలుపు బాదడం మొదలుపెట్టింది.